వేలిముద్రలు లేని నర్సమ్మ

ఆర్లిస్ బ్రెక్కీ చేతులు శుభ్రం చేసుకోకుండా ఒక గదిలో అడుగు పెట్టిందని ఎవరైనా చెబితే మా నదికి ఈ ఒడ్డున గాని, ఆ ఒడ్డున గాని నమ్మేవాళ్ళు లేరు. ఆ ఒడ్డున, విస్కాన్సిన్ రాష్ట్రం వైపున్న వృద్ధుల హోమ్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సుగా చేసిన మనిషి ఆవిడ. గదిలోకి వెళితే ఒకసారి, బయటికొస్తే ఒకసారి. గ్లవ్స్ తొడిగే ముందు ఒకసారి, విప్పాక ఒకసారి. చర్చిలో ప్రార్థనకు చేతులు జోడించే ముందు కూడా సంచీలోంచి చిన్న సీసా తీసి రెండు చుక్కలు రాసుకునేది.

"దేవుడికి నీ జలుబు అంటుకుంటుందనా?" అని అక్క మొగుడు వెర్నన్ బెంచీ చివరినుంచి గొణిగేవాడు.

"నీ జలుబు నాకంటకుండా బావా" అనేది ఆర్లిస్, కళ్ళు మూసుకునే.

పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు. ఒకాయన వచ్చి కాఫీ తాగుతూ తన మోకాలు నొప్పి గురించి చెప్పాడట, ఈవిడ అక్కడికక్కడే ప్యాంటు పైకి లాగి మోకాలు నొక్కి చూసి, వాపు తగ్గడానికి ఐసు గడ్డలు కట్టి పంపించేసింది. ఆయన మళ్ళీ రాలేదు. మోకాలు మాత్రం బాగైందని విన్నాం.

అలాంటి మనిషికి అరవై ఒకటో ఏట కష్టం వచ్చింది. పనిచేసేవాళ్ళు దొరక్క, ఉన్నవాళ్ళకు జీతాలు చాలక, ఆ వసంతంలో హోమ్ మూతపడింది. మిగిలిన ముసలివాళ్ళను వంతెన దాటించి, ఈ ఒడ్డున మినసోటా రాష్ట్రం వైపు ఊళ్ళో ఉన్న హోమ్‌లో చేర్చారు. "నువ్వూ వచ్చెయ్, నీ ఉద్యోగం నీకుంది" అని అక్కడి పెద్ద నర్సు మాట ఇచ్చింది. ఆర్లిస్ అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామానంతా వెర్నన్ పికప్‌లో వేసుకుని, వంతెన దాటి, అక్క జాయిస్ ఇంట్లో మేడమీద గదిలో దిగింది. మర్నాడు పొద్దున్నే తెల్లబూట్లు వేసుకుని ఉద్యోగానికి వెళితే ఆఫీసావిడ కంప్యూటరులో చూసి తల అడ్డంగా ఊపింది.

"మీ లైసెన్సు ఇక్కడ చెల్లదండీ."

"చెల్లకపోవడమేంటమ్మా! దేశంలో ముప్పాతికమూడొంతుల రాష్ట్రాల్లో చెల్లుతుందని దానిమీదే ఉంది."

"నిజమేనండీ. ఆ రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందంలో మా మినసోటా లేదు."

అంటే, ఎన్నడూ మొహం చూడని ఫ్లోరిడాలో ఆవిడ నర్సే. ఎడారి అరిజోనాలోనూ నర్సే. తన పాత వంటింటి కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు కనిపించే ఈ ఊళ్ళో మాత్రం కాదు. కొత్తగా దరఖాస్తు పెట్టుకుని, ఇక్కడి లైసెన్సు తెచ్చుకోవాలి. పోనీ, అన్నం తినిపించే ఆయా పని చేస్తానంది ఆర్లిస్. దానికీ ఈ రాష్ట్రం కాగితం వేరే కావాలట.

"నది దాటితే నాడి ఎడంపక్కకి కొట్టుకుంటుందా ఏం?" అని ఇంటికొచ్చి మండిపడింది.

"మరేమనుకున్నావు మరదలా?" అన్నాడు వెర్నన్. ఆయన పుట్టుకతో మినసోటావాడు, ఆ రాష్ట్రపు ఊదారంగు ఫుట్‌బాల్ జట్టుకు ప్రాణమిచ్చే రకం. "మీ జున్ను రాష్ట్రం జనానికి నాడెక్కడిది, జున్ను కారుతుంది. మావైపు నెత్తురు."

"అందుకేనా మీ జట్టు ప్రతి ఏడూ ఓడి అంత వేడిగా ఏడుస్తుంది?"

జాయిస్ మధ్యలో బంగాళదుంపలు పేర్చి కాల్చిన హాట్‌డిష్ గిన్నె దబ్బున పెట్టింది. ఆ ఇంట్లో మాటలు ముదిరితే బంగాళదుంపలతో ఆపడం అలవాటు.

ఆర్లిస్‌కి తొందర జీతం గురించి కాదు, క్లీటస్ గురించి. క్లీటస్ రాడ్కీ పాత హోమ్ నుంచి వంతెన దాటినవాళ్ళలో ఒకడు, ఎనభై తొమ్మిదేళ్ళ ముసలాయన, జున్ను ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు, పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. పక్షవాతం వచ్చాక గొంతు సరిగా మింగదు. ముద్ద కాస్త దారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని తెలిసిన చెయ్యి పక్కన కూర్చుని చెంచా చెంచా తినిపించాలి. అంతవరకూ ఎవరైనా చేస్తారు. చిక్కంతా ఆయన నోరు తెరవడంలో ఉంది. ఆర్లిస్‌కీ ఆయనకూ ఒక వరస కుదిరింది. పొద్దున్నే ట్రే పట్టుకుని వెళ్ళి, "ఏం ముసలోడా, ఇంకా ఉన్నావా?" అనేది.

"నిన్ను చూసి చావు కూడా గుమ్మంలోంచే వెనక్కి పోయిందే" అనేవాడు.

"దానికీ నీలాంటివాడు అక్కర్లేదేమో."

"నీ మొహం మా ఫ్యాక్టరీలో పెట్టుంటే పాలు విరగ్గొట్టే మందు ఖర్చు మిగిలేది."

అంతటితో పొద్దుటి పూజ అయినట్టు. నోరు తెరిచేవాడు. గిన్నెలో జావంతా తినేవాడు.

కొత్త హోమ్‌లో ఆయన్ను సోల్వెగ్ అనే నర్సుకు అప్పగించారు. నలభై దాటిన మనిషి, వెన్నలాంటి మనసు, పనిలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఎవరినీ పల్లెత్తు మాట అనదు. కాలు తొక్కినవాడికి కూడా క్షమాపణ చెప్పే జాతి. "క్లీటస్ గారూ, మా బంగారం కదూ, ఒక్క ముద్ద తినండి, కాస్త నాకోసం" అని బతిమాలేది. క్లీటస్ పెదవులు బిగించేవాడు. తర్వాత ఆర్లిస్‌తో కారణం చెప్పాడు: "అంత తియ్యగా మాట్లాడేవాళ్ళు ఏదో అంటగట్టడానికే వస్తారు. నా పెళ్ళప్పుడు వాక్యూమ్ క్లీనరు అమ్మినవాడూ అలాగే మాట్లాడాడు." దానికి తోడు సోల్వెగ్ ఆప్యాయంగా ఒక ఊదారంగు దుప్పటి తెచ్చి కాళ్ళమీద కప్పింది. విస్కాన్సిన్ ముసలాయనకు అవతలి జట్టు ఊదారంగు దుప్పటి! ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు.

ఆర్లిస్ రోజూ చూడటానికి వెళ్ళేది. మెడలో 'సందర్శకురాలు' అన్న కార్డు. చూడవచ్చు, మాట్లాడవచ్చు, చెంచా ముట్టుకోకూడదు. మింగడం కష్టమైనవాళ్ళకు బయటివాళ్ళు తినిపించరాదని గోడమీదే రాసుంది, అది సరైన నియమమే, పాత హోమ్‌లో ఆ కాగితం అంటించింది ఆర్లిసే. కుర్చీలో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది. ఎదురుగా జావ చల్లారిపోయేది. క్లీటస్ మెడ దగ్గర చొక్కా వదులౌతూ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆ వదులే చూసేది, ఇంటికెళ్ళాక అన్నం సయించేది కాదు.

దరఖాస్తు సులువుగానే సాగింది. చదువు సరే, పాత లైసెన్సు సరే, ఏ మచ్చా లేదని విస్కాన్సిన్ వాళ్ళు రాసి పంపారు. మిగిలింది వేలిముద్రలు. నేరచరిత్ర లేదని తేలాలి కదా. షెరీఫ్ ఆఫీసులో గ్లెన్ అనే పోలీసు ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే యంత్రం అద్దంమీద దొర్లించాడు. తెరమీద చూశాడు. అద్దం తుడిచాడు. మళ్ళీ దొర్లించాడు.

"ఆర్లిస్, ఇవి వేళ్ళేనా?"

"ఏం, సాసేజిల్లా ఉన్నాయా?"

"గీతల్లేవు. తుడిచిన పలకలా ఉన్నాయి."

ఉన్నంతవరకు పంపాడు. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది, గుర్తుపట్టడానికి తగినన్ని గీతలు లేవని. ఆ రాత్రి వెర్నన్ పండగ చేసుకున్నాడు.

"నేనెప్పుడో అనుకున్నా. ముప్ఫై ఏళ్ళు అంత బుద్ధిగా ఉండటం మామూలు మనుషుల వల్ల కాదు. ఏ బ్యాంకు మరదలా? నీ వాటా ఎక్కడ పాతిపెట్టావు?"

"నీ దగ్గర దాస్తే భద్రం బావా. నీ తలలో బోలెడు ఖాళీ ఉంది."

నవ్వారు గాని, విషయం నవ్వులాట కాదు. సబ్బూ, స్పిరిటూ కలిసి రోజుకి వందసార్లు కడిగిన చేతులు. గీతలు అరిగిపోయాయి. ఇంకొకసారి ప్రయత్నించవచ్చన్నారు. గ్లెన్ ఉపాయం చెప్పాడు: మూడు రోజులు చేతులు కడక్కూడదు, వాజలీన్ దట్టంగా పూసి నూలు గ్లవ్స్ తొడుక్కోవాలి, చర్మం మెత్తబడితే ఉన్న గీతలు కాస్త పైకి లేస్తాయి.

"మూడు రోజులు కడక్కుండానా?" అంది ఆర్లిస్. తిండి మానమన్నా అంత తెల్లబోయేది కాదు.

అక్క కాపలా కాసింది. సింకు దగ్గర సబ్బు దాచేసింది, స్నానాల గదిలోదీ దాచేసింది, చివరికి వెర్నన్ ఆ మూడు రోజులూ ఉత్తనీళ్ళతో కడిగి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. బాత్‌రూమ్ సంగతి ఇక్కడ రాయను. జాయిస్ పెట్టెడు రబ్బరు గ్లవ్స్ కొనుక్కొచ్చిందని మాత్రం చెబుతాను. శుక్రవారం క్లబ్బులో చేపల వేపుడు విందుకు వెళితే, తెల్ల గ్లవ్స్‌తో ఫోర్కు పట్టుకున్న ఆర్లిస్‌ను చూసి ఊరంతా ఒకరి తర్వాత ఒకరు బల్ల దగ్గరికొచ్చి, "ఇంగ్లండు రాణీగారు ఎప్పుడు దిగారు?" అని అడిగిపోయారు. వెర్నన్ ప్రతివాడికీ కొత్త కథ చెప్పాడు.

ఆ వేషంలోనే క్లీటస్‌ను చూడటానికి వెళ్ళింది. ముసలాయన కళ్ళు తెరిచి చూశాడు.

"బ్యాంకుకి కన్నం వెయ్యడానికి పోతున్నావుటే?"

"వేశాను. వాళ్ళిచ్చిన డబ్బు చూసి జాలేసి వెనక్కిచ్చాను. తిను ముసలోడా."

"నువ్వు పెట్టు."

"పెట్టకూడదు."

"అయితే తిననే."

కళ్ళు మూసుకున్నాడు. గొంతు బాగా సన్నబడింది. తిట్టులో పస లేదు.

మూడో రోజు. వెర్నన్ షెరీఫ్ ఆఫీసు ముందు కారు ఆపాడు. జాయిస్ చెల్లెలి చేతులకున్న గ్లవ్స్ తనే విప్పి, వాజలీన్ మెత్తగా తుడిచి, వేళ్ళు వెలుగుకు పట్టి చూసింది. నిజంగానే గీతలు పైకొచ్చాయి. సన్నగా, కానీ గీతలే. ఆనందం పట్టలేక అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు మోచేతులతో కావలించుకున్నారు.

"దేన్నీ ముట్టుకోకు. నేను తలుపు తీస్తా" అంది జాయిస్.

తలుపు తీసింది. తియ్యడమే పొరపాటు. ఎందుకంటే గుమ్మం పక్కన గోడకు తెల్లడబ్బా ఒకటి వేలాడుతోంది, కింద చెయ్యి పెడితే స్పిరిటు జెల్లు ఊడిపడే డబ్బా. ఆర్లిస్ మనసు యంత్రం దగ్గరుంది, కళ్ళు గ్లెన్ మీదున్నాయి. చేతులు మాత్రం, గుమ్మం కనిపించగానే, ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని చేశాయి. బుస్సుమంది డబ్బా. ఆర్లిస్ అరచేతులు రుద్దుకుంది, వేళ్ళ సందుల్లో రుద్దుకుంది, బొటనవేళ్ళు విడివిడిగా తిప్పింది, గోళ్ళ చివర్లు అరచేతిలో గీకింది, చివరికి శుభ్రంగా ఆరేదాకా గాలిలో ఊపింది. నర్సు బడిలో పరీక్ష పెడితే మొదటి బహుమతి వచ్చేది.

"ఆర్లిస్!" అని జాయిస్ పెట్టిన కేకకు లోపల సెల్లులో ఉన్న తాగుబోతు కూడా లేచి కూర్చున్నాడట.

గ్లెన్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆయన తల్లికి ఆఖరి రోజుల్లో దగ్గరుండి అన్నీ చేసింది ఆర్లిసే. "మా అమ్మ కళ్ళు మూసినవి ఈ చేతులే. ఇవెవరివో చెప్పమంటే కళ్ళు మూసుకుని చెబుతాను నేను. ఈ దిక్కుమాలిన అద్దానికి నచ్చజెప్పడం ఎలా?" అన్నాడు. అయినా దొర్లించాడు. స్పిరిటుకు ఎండి బిగుసుకుపోయిన వేళ్ళు మళ్ళీ పలకల్లానే పడ్డాయి. కొన్నాళ్ళకు రెండో జవాబూ మొదటి జవాబులాగే వచ్చింది.

గ్లెన్ దగ్గర ఆ జవాబు విని వస్తూ కారులో ఆర్లిస్ ఏడ్చింది. "పని చేసి చేసి వేళ్ళరిగిపోయాయే అక్కా. పని చేస్తానని నమ్మాలంటే ఆ వేళ్ళే చూపించమంటున్నారు" అంది. వెర్నన్ ఒక్క జోకు కూడా వెయ్యలేదు. దారిలో ఐస్‌క్రీము దుకాణం దగ్గర ఆపి, అడక్కుండానే మూడు కప్పులు పట్టుకొచ్చాడు. ఆయన అంత నోరుమూసుకుని ఉండటం చూసి జాయిస్ చెల్లెలికంటే ఎక్కువ ఏడ్చింది.

రెండుసార్లు ముద్ర పడకపోతే పేరు పట్టుకుని వెతికే పద్ధతి ఒకటుందని, దానికి ఇంకొన్ని వారాలు పడుతుందని గ్లెన్ కనుక్కున్నాడు. వారాలంటే క్లీటస్ దగ్గర అన్ని వారాలు లేవు. మర్నాడు ఆర్లిస్ హోమ్‌కి వెళ్ళి కాఫీ యంత్రం దగ్గర సోల్వెగ్‌ను పట్టుకుంది.

"నీకు తిట్టడం వచ్చా?"

"అయ్యో, దేనికండీ?"

"క్లీటస్‌ని తిట్టాలి. రోజుకి మూడుపూటలా. తిండికి ముందు."

సోల్వెగ్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "మా ఇంట్లో అలవాటు లేదండీ. మా ఆయన కొత్త కారుని గ్యారేజి గోడకి గుద్దేశాడు చూడండి, అప్పుడు కూడా 'ఇదో రకంగా ఉంది' అని ఊరుకున్నాను."

"అప్పుడు నీకేమనాలనిపించింది?"

సోల్వెగ్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గుడ్డి వెధవా అనాలనిపించిందండీ" అంది. వెంటనే, "పాపం, వాన పడుతోందిలెండి" అని కలిపింది.

"ఆ పాపం తీసేస్తే చాలు" అంది ఆర్లిస్.

ఎవరినడిగినా ఇది చెయ్యవలసిన పనేనంటారు, కానీ సోల్వెగ్‌కి చర్చి మెట్లమీద నిలబడి బట్టలు విప్పమన్నట్టుంది. నాలుగు తిట్లు నేర్చుకుని, దారిపొడుగునా వల్లెవేసుకుంటూ ట్రే పట్టుకుని వెళ్ళింది. ఆర్లిస్ కుర్చీలో, తొడల కింద చేతులతో.

"క్లీటస్ గారూ, మీరు… కాస్త… మొండివారు" అంది సోల్వెగ్.

ముసలాయన ఒక కన్ను తెరిచాడు. "అది తిట్టా, పొగడ్తా?"

"మీరు… ముసలి గాడిదండీ. క్షమించండి."

రెండో కన్నూ తెరిచాడు. "'అండీ' ఎందుకూ? గాడిదకి మర్యాదేంటి? క్షమించండి ఎందుకూ? తిట్టి క్షమించమంటే తిట్టు చచ్చిపోతుంది కదా." ఆర్లిస్ వైపు తిరిగాడు. "ఏమే, ఈ పిల్లకి ఎవరూ ఏమీ నేర్పలేదా?"

"నేర్పేవాడు తిండి మాని పడుకున్నాడు."

క్లీటస్ ఆలోచించాడు. ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళకు పని నేర్పిన మనిషి. చేతకానితనం చూస్తే చెయ్యి ఊరుకోదు. "మళ్ళీ అను. గాడిద మీద నొక్కు. నా మొహంలోకి చూసి అను" అన్నాడు.

"ముసలి గాడిదా!" అంది సోల్వెగ్, కళ్ళనిండా నీళ్ళతో.

"బాలేదు. దీనికి రెండు ముద్దలు. రేపు ఇంతకంటే మంచిది తీసుకురా."

రెండు ముద్దలు తిన్నాడు. మర్నాడు "నీ బుర్ర జున్ను, అదీ కన్నాల జున్ను" అంటే అరగిన్నె తిన్నాడు. వారం తిరిగేసరికి సోల్వెగ్ గది బయటినుంచే అరుచుకుంటూ వెళుతోంది. ఊదారంగు దుప్పటిని ఆయనే దగ్గరుంచుకున్నాడు, ఆ జట్టు ఓడినప్పుడల్లా చూపించి ఏడిపించడానికి. ఇంటి దగ్గర సోల్వెగ్ మొగుడు మాత్రం భయపడుతున్నాడని, కారు చాలా జాగ్రత్తగా లోపల పెడుతున్నాడని వినికిడి.

చొక్కా మెడ దగ్గర మళ్ళీ బిగువైంది. ఆర్లిస్‌కి ప్రాణం లేచొచ్చింది. అబద్ధమెందుకు, గుచ్చుకుంది కూడా. తన ముసలాడు ఇంకొకరి తిట్లకు నోరు తెరుస్తుంటే, తను 'సందర్శకురాలు' కార్డు వేసుకుని గోడవారగా కూర్చుని చూసింది.

ఆకులు ఎర్రబడుతున్న రోజుల్లో లైసెన్సు వచ్చింది. ఆర్లిస్ బ్రెక్కీ పేరుమీద ఈ దేశంలో ఎక్కడా ఏ నేరమూ లేదని తేలింది. "ఇంత చప్పటి బతుకు వెతకడానికి అన్ని వారాలా?" అన్నాడు వెర్నన్. జాయిస్ ఆయన నెత్తిమీద తువ్వాలుతో కొట్టింది.

మొదటిరోజు పొద్దున్నే తెల్లబూట్లు, మెడలో నర్సు కార్డు. జావ గిన్నె పట్టుకుని క్లీటస్ గదికి వెళ్ళింది. గుమ్మం దగ్గర చేతులు శుభ్రం చేసుకుంది. లోపలికెళ్ళి, "ఏం ముసలోడా, ఇంకా ఉన్నావా?" అంది.

"ఆ పిల్లేది?" అన్నాడు క్లీటస్.

"ఈవాళ సెలవు."

"అయితే రేపు తింటా."

"నేనొచ్చాను కదయ్యా!"

"నువ్వు పాతబడిపోయావే. నీ తిట్లన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ పిల్ల రోజుకొకటి కొత్తది తెస్తోంది. నీ దగ్గరేమన్నా కొత్తదుంటే పడెయ్, లేకపోతే ట్రే తీసుకుపో."

ఆర్లిస్ మంచం పక్కన కూర్చుంది. చెంచా చేతిలో ఉంది. ఇన్ని నెలలు ఈ చెంచా కోసమే కదా, సబ్బు మానింది, గ్లవ్స్ తొడిగింది, ఊరందరి చేత రాణీ అనిపించుకుంది. తిట్టాలని నోరు తెరిచింది. ఒక్కటీ రాలేదు. ఎన్నేళ్ళుగానో ఊరిన తిట్లు, ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

"నువ్వు పోతావేమోనని భయపడ్డాను క్లీటస్" అంది. "ప్రతిరోజూ భయపడ్డాను. నువ్వు లేకపోతే నాకు తోచదు."

ముసలాయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఛీ" అన్నాడు. "ఇన్నేళ్ళలో నువ్వు నన్నింత దారుణంగా ఎప్పుడూ తిట్టలేదే."

నోరు తెరిచాడు. ఆర్లిస్ మొదటి ముద్ద పెట్టింది.